జెట్ వంపులో విశ్వం జాడ

పెర్సియస్ గెలాక్సీ గుచ్ఛంలో ఎన్‌జీసీ 1265 అనే గెలాక్సీ ఉంది. దాని నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం దగ్గర నుంచి రెండు జెట్లు, అంటే సన్నగా చిమ్మే పదార్థ ధారలు, ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో దూసుకొస్తాయి. అందులో వింతేమీ లేదు, జెట్లు సాధారణంగా అలా జంటగానే పుడతాయి. వింత ఆ తర్వాత మొదలవుతుంది. రేడియో చిత్రంలో చూస్తే ఆ రెండూ కొంత దూరం పోయాక ఒకే వైపుకు వంగి, తోకల్లా వెనక్కి సాగిపోతాయి. పరుగెత్తే మనిషి విరబోసుకున్న జుట్టు వెనక్కి ఎగిరినట్టు ఉంటుంది ఆ దృశ్యం. ఆ గెలాక్సీ సెకనుకు 2,000 కిలోమీటర్లకు పైగా వేగంతో గుచ్ఛంలోని వేడి వాయువును చీల్చుకుంటూ పోతోంది. ఆ ఎదురుగాలే జెట్లను వెనక్కి మడిచేసింది.

అదే గుచ్ఛం మధ్యలో ఎన్‌జీసీ 1275 ఉంది. దీని జెట్లు దూరం పోలేవు. చుట్టూ దట్టంగా కమ్ముకున్న వేడి వాయువును నెట్టుకుంటూ అక్కడే బుడగలు ఊదుతాయి. 2022లో వెలుగులోకి వచ్చిన ఆల్సియోనియస్ అనే రేడియో గెలాక్సీ సంగతి పూర్తిగా వేరు. దాని జెట్లు పోసిన రేడియో మేఘాలు ఈ కొస నుంచి ఆ కొసకు 1.6 కోట్ల కాంతి సంవత్సరాలు పరచుకున్నాయి. మన పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలే.

మూడింటిలోనూ యంత్రం ఒకే రకం. తిరుగుతున్న కృష్ణబిలం, దాని చుట్టూ సుడి తిరుగుతూ లోపలికి జారే వాయువు, ఆ వాయువు మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం. కృష్ణబిలం భ్రమణంలోని శక్తిని అయస్కాంత క్షేత్రం ఎలా బయటికి లాగగలదో రోజర్ బ్లాండ్‌ఫర్డ్, రోమన్ జ్నాజెక్ 1977లోనే లెక్కగట్టారు. యంత్రం ఒకటే అయినా ఒక చోట జెట్ వంగింది, ఒక చోట ఆగిపోయింది, మరో చోట ఈ కొస నుంచి ఆ కొసకు కోటికి పైగా కాంతి సంవత్సరాలు పారింది. యంత్రం బలాబలాలు కొంత కారణం కావచ్చు. కానీ తేడాలో ఎక్కువ భాగం ఆ గెలాక్సీ విశ్వంలో ఎక్కడ ఉందన్న దానిలోనే ఉందని నేను నమ్ముతాను. ఏ గూటి చిలుక ఆ గూటి పలుకే పలుకుతుందంటారు. గెలాక్సీల విషయంలో ఆ గూటి పేరు విశ్వజాలం, అంటే విశ్వంలోని పదార్థం పోగులుగా, ముడులుగా అల్లుకున్న మహావల.

అయితే ఈ మాట అన్నంత తేలికగా అర్థం కాదు. ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలాన్ని చూడండి. ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు 2019లో చిత్రం విడుదల చేసినది దీనిదే. బరువు 650 కోట్ల సూర్యులంత. ఇంత భారీ కృష్ణబిలం హద్దును ఈ చివర నుంచి ఆ చివరికి దాటడానికి కాంతికి ఒకటిన్నర రోజు చాలు. విశ్వజాలంలోని ఒక పోగు పొడవేమో కోట్ల కాంతి సంవత్సరాలు. ఈ రెండింటి నిష్పత్తి రాయాలంటే ఒకటి పక్కన పది సున్నాలు పెట్టాలి. అంత పెద్దది ఇంత చిన్నదాన్ని ఎలా నడిపిస్తుంది? నేరుగా నడిపించదు. జాలం గెలాక్సీకి ఏదో అందిస్తుంది, గెలాక్సీ అందులో కొంత తన కేంద్రానికి దించుతుంది, కేంద్రం దాన్ని జెట్‌గా మారుస్తుంది. చేతులు మారిన ప్రతిసారీ కొంత నిలుస్తుంది, కొంత చెరిగిపోతుంది. ఏది నిలుస్తుందో, ఏది చెరిగిపోతుందో విడమర్చి చూస్తేనే ఈ చిక్కుముడి వీడుతుంది.

జాలం అల్లుకున్న తీరు

విశ్వం పుట్టిన 3.8 లక్షల సంవత్సరాలకు వెలువడిన కాంతి ఈనాటికీ మనకు సూక్ష్మతరంగాలుగా అందుతోంది. అందులోని హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు మాత్రమే. అంటే అప్పటి పదార్థం దాదాపు సమంగా పరచుకుని ఉంది. ఎక్కడ రవ్వంత ఎక్కువ ఉందో అక్కడికి గురుత్వాకర్షణ మరికొంత లాగింది, అలా కలిగినదానికే మరింత కలిసొచ్చింది.

మరి ఆ పదార్థం గుండ్రటి ముద్దలుగా కాకుండా జాలంగా ఎందుకు మారింది? 1970లో యాకోవ్ జెల్డోవిచ్ చెప్పిన సమాధానం చాలా అందమైనది. ఏ మేఘమూ అన్ని వైపులా సమానంగా ఉండదు. కూలిపోయేటప్పుడు మూడు దిశల్లో ఒక దిశ ముందుగా కుదించుకుపోతుంది. అప్పుడు మేఘం పలుచని పొరగా మారుతుంది. రెండో దిశ కూడా కుదించుకుపోతే పొర పోగవుతుంది. మూడోదీ కూలితే ముడి ఏర్పడుతుంది. ఇదంతా జరిగే కొద్దీ మధ్యలోని ప్రాంతాలు ఖాళీ అవుతూ శూన్యాలుగా మిగులుతాయి. ఈ నిర్మాణంలో పెద్ద వాటా కంటికి కనిపించని కృష్ణపదార్థానిది. వాయువు దాని వెంట నడుస్తుంది, గెలాక్సీలు ఆ వాయువులో వెలిగే దీపాలు.

ఆకాశంలో దీన్ని మొదట స్పష్టంగా చూపింది వాలెరీ డి లాపరాన్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా 1986లో ప్రచురించిన పటం. వెయ్యికి పైగా గెలాక్సీల దూరాలు గుర్తిస్తే, అవి సబ్బు నురగలోని బుడగల గోడల మీద కూర్చున్నట్టు కనిపించాయి. అంతకు ఐదేళ్ళ ముందే బోయోటీస్ నక్షత్రమండలం దిశలో 30 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా వెడల్పున్న ఒక మహాశూన్యం బయటపడింది. నేటి కంప్యూటర్ అనుకరణల ప్రకారం విశ్వ ఘనపరిమాణంలో సుమారు నాలుగింట మూడు వంతులు శూన్యాలే. పోగులు ఆక్రమించే చోటు నూటికి ఆరేడు పాళ్ళు, వాటిలో ఉన్న పదార్థం మాత్రం మొత్తంలో దాదాపు సగం.

గెలాక్సీకి అందేది

శూన్యంలో పుట్టిన గెలాక్సీ సాధారణంగా చిన్నది, నీలి రంగుది, వాయువు నిండుగా ఉన్నది. దాన్ని గుద్దేవారు లేరు, దోచుకునేవారూ లేరు. తీరిగ్గా నక్షత్రాలను కంటూ ఉంటుంది.

పోగులో పుట్టినదానికి రాబడి ఎక్కువ. పోగు ఒక రకంగా నది లాంటిది, పదార్థం దాని వెంట ముడి వైపుకు పారుతూనే ఉంటుంది. వెయ్యి కోట్ల సంవత్సరాల క్రితం, అంటే విశ్వం లేతగా ఉన్నప్పుడు, ఈ ప్రవాహాల్లో చల్లని వాయువు నేరుగా గెలాక్సీల లోపలి దాకా చొచ్చుకెళ్ళేదని అనుకరణలు చెబుతాయి. 2019లో ఎస్ఎస్ఏ22 అనే ప్రాచీన గుచ్ఛంలో అలాంటి పోగులను చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపు పట్టుకుంది. 30 లక్షల కాంతి సంవత్సరాలకు పైగా సాగిన హైడ్రోజన్ తీగలు, వాటి వెంట జోరుగా నక్షత్రాలను కంటున్న గెలాక్సీలు, ఆకలిగా మింగుతున్న కృష్ణబిలాలు. అసలు ఆ తీగలు మనకు కనిపించిందే ఆ గెలాక్సీల, కృష్ణబిలాల వెలుగు వాటిపై పడటం వల్ల. మింగేవారి వెలుగులోనే వారికి అందుతున్న మేత కనిపించిందన్నమాట. ఈ పరిశీలన గురించి మొదట చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

రాబడితో పాటు పోగు భ్రమణాన్ని కూడా ఇస్తుంది. పెద్ద నిర్మాణాల గురుత్వం ఒక పక్క ఎక్కువగా, మరో పక్క తక్కువగా లాగడం వల్ల పుట్టబోయే గెలాక్సీ మెలి తిరుగుతుంది. చిన్న గెలాక్సీల భ్రమణ అక్షం పోగు వెంట ఉండటానికి మొగ్గు చూపుతుంది, పెద్దవాటిది పోగుకు అడ్డంగా తిరుగుతుంది. పెద్దవి పోగు వెంట వచ్చిన వాటిని కలుపుకుంటూ పెరగడమే ఇందుకు కారణం. ఢీకొన్నప్పటి వేగం కొత్త గెలాక్సీ భ్రమణంగా మారిపోతుంది. మొదట అనుకరణల్లో తేలిన ఈ సంగతి 2020లో గెలాక్సీల భ్రమణాన్ని కొలిచే శామీ సర్వేలోని నిజమైన గెలాక్సీల్లోనూ కనిపించింది. ఇదొక మొగ్గు మాత్రమే, కచ్చితమైన నియమం కాదు. దిశ గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక ముడి. వందల, వేల గెలాక్సీలు కిక్కిరిసిన గుచ్ఛం. అక్కడి వాయువు కోటి నుంచి పది కోట్ల డిగ్రీల వరకు వేడెక్కి ఉంటుంది. గుచ్ఛంలోని నక్షత్రాలన్నీ కలిపినా ఆ వాయువు బరువుకు సరిరావు. బయటి నుంచి వచ్చి ఇందులో పడిన గెలాక్సీకి ఎదురుగాలి మొదలవుతుంది. దాని సొంత వాయువు ఊడిపోతుంది. జేమ్స్ గన్, రిచర్డ్ గాట్ 1972లో ఊహించిన ఈ దోపిడీకి ఈఎస్ఓ 137-001 అనే గెలాక్సీ కళ్ళముందున్న సాక్ష్యం. దాని వెనక వాయువు జెల్లీఫిష్ కాళ్ళలా వేలాడుతోంది. వాయువు పోయాక కొత్త నక్షత్రాలు పుట్టవు. 1980లో అలన్ డ్రెస్లర్ 55 గుచ్ఛాలను పరిశీలించి, కిక్కిరిసిన చోటికి పోయేకొద్దీ సర్పిలాకార గెలాక్సీలు తగ్గుతాయని, వృద్ధాప్యంలో ఉన్న గుండ్రటి దీర్ఘవృత్త గెలాక్సీలు పెరుగుతాయని చూపించాడు.

ఆకలి, తిండి

ఇక్కడే నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచే వైరుధ్యం ఉంది. ముడిలోని వేడి వాయువు చుట్టుపక్కల గెలాక్సీలను కొల్లగొట్టి ఆకలితో మాడుస్తుంది. అదే వాయువు నట్టనడుమ కూర్చున్న మహా గెలాక్సీకి మాత్రం తరగని ఆహారం.

కారణం భౌతికశాస్త్రం పుస్తకాల్లో మొదటి పాఠాల్లోనే దొరుకుతుంది. వేడి వాయువు ఎక్స్ కిరణాలను వెదజల్లుతూ చల్లబడుతుంది. దట్టంగా ఉన్నచోట త్వరగా చల్లబడుతుంది. గుచ్ఛంలో అన్నిటికన్నా దట్టమైన చోటు దాని కేంద్రం. కాబట్టి అక్కడ వాయువు చల్లబడి, కేంద్రంలోని గెలాక్సీ మీదికి మెల్లగా జారుతుంది. అందులో కొద్ది భాగం కృష్ణబిలం దాకా చేరినా జెట్ వెలగడానికి చాలు.

రేడియో సర్వేల లెక్కలు దీన్ని బలపరుస్తాయి. చిన్న గెలాక్సీల్లో రేడియో జెట్లు అరుదు. అతి భారీ గెలాక్సీల్లో సుమారు నూటికి ముప్పైకి జెట్ల ఆనవాళ్ళు ఉంటాయి. గుచ్ఛాల కేంద్రాల్లో ఉన్నవాటికి, ముఖ్యంగా కేంద్రంలో వాయువు చల్లబడుతున్న గుచ్ఛాల్లో, ఆ అవకాశం ఇంకా ఎక్కువ. ప్రాచీన విశ్వంలో పుడుతున్న గుచ్ఛాలను వెతకడానికి శాస్త్రవేత్తలు శక్తిమంతమైన రేడియో గెలాక్సీలను దారి చూపే దీపాల్లా వాడుకుంటారు. స్పైడర్‌వెబ్ గెలాక్సీ చుట్టూ దొరికిన గుంపు అందుకు పేరుపొందిన ఉదాహరణ.

కాబట్టి మొదటి లెక్క తేలింది. ఎంత బరువు, ఎంత మేత అనే రెండూ చేతులు మారినా చెరగవు. జాలంలోని చోటు కృష్ణబిలం బరువును, దాని రాబడిని చాలావరకు నిర్ణయిస్తుంది.

దిశ మాత్రం మరుపున పడుతుంది

జెట్ ఎటు చూస్తుందన్నది వేరే ప్రశ్న. పోగు గెలాక్సీని తిప్పింది, గెలాక్సీ కృష్ణబిలాన్ని తిప్పింది అనుకుంటే, ఒకే పోగులోని జెట్లన్నీ ఒకే వైపు చూడాలి. ఎంత మనోహరమైన ఊహ! దీనికి అనుకూలంగా కొన్ని పరిశీలనలు వచ్చాయి కూడా. 2014లో డామియన్ హుట్సెమేకర్స్ బృందం 93 క్వేజార్లను (వాయువును మింగుతూ ఉజ్జ్వలంగా వెలిగే గెలాక్సీ కేంద్రాలను) పరిశీలించి, ధ్రువణం (కాంతి తరంగాలు ఒకే దిశలో ఊగడం) స్పష్టంగా ఉన్న 19 క్వేజార్ల భ్రమణ అక్షాలు తామున్న మహానిర్మాణానికి సమాంతరంగా ఉండటానికి మొగ్గుతున్నాయని చెప్పింది. 2016లో రస్ టేలర్, ప్రేశాంత్ జగన్నాథన్ జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో ఆకాశంలో ఒక చిన్న ప్రాంతాన్ని లోతుగా చూసి, అక్కడి 60కి పైగా జెట్లలో దిశల పొందిక కనిపిస్తోందని ప్రకటించారు.

అయితే 2020లో ఐరోపాలోని లోఫార్ రేడియో టెలిస్కోపు సర్వేలోని వేల రేడియో గెలాక్సీలతో ఈ ప్రశ్నను మళ్ళీ పరీక్షించారు. ఆకాశాన్ని చదునైన పటంలా చూసినప్పుడు పొందిక ఉన్నట్టు కనిపించింది. గెలాక్సీల దూరాలు కూడా లెక్కలోకి తీసుకుని, నిజంగా ఇరుగుపొరుగుగా ఉన్నవాటినే పోల్చినప్పుడు అది కనిపించలేదు. నా దృష్టిలో ఇది గట్టి దెబ్బ. పోగు ప్రభావమే నిజమైతే, నిజమైన పొరుగువారిని పోల్చినప్పుడు పొందిక పెరగాలి గానీ మాయం కాకూడదు.

దిశ ఎందుకు నిలవదో ఊహించడం కష్టం కాదు. చివరి అంచెలో జెట్ దిశను శాసించేది కృష్ణబిలం సొంత భ్రమణం. వాయువు ఏ కోణంలో వచ్చినా, కృష్ణబిలం సమీపానికి చేరేసరికి దాని మధ్యరేఖ తలంలోకి ఒరిగిపోవచ్చని జేమ్స్ బార్డీన్, జాకబస్ పెటర్సన్ 1975లోనే చూపారు. ఆ భ్రమణంలో కృష్ణబిలం గతమంతా దాగి ఉంటుంది. ఏనాడో మరో కృష్ణబిలంతో కలిసిపోవడం, ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి వచ్చి పడిన వాయుమేఘాలు, అన్నీ అందులో కలిసి ఉంటాయి. సర్పిలాకార గెలాక్సీలనే చూడండి. కేంద్రం చురుగ్గా వెలిగే సీఫర్ట్ రకం గెలాక్సీల్లోని చిన్న జెట్లు తమ సొంత గెలాక్సీ పళ్ళేనికే లంబంగా ఉండవు, ఎటు పడితే అటు చూస్తాయి. తానున్న గెలాక్సీ మాటే వినని జెట్ కోట్ల కాంతి సంవత్సరాల పోగు మాట వింటుందని ఆశించడం కష్టం.

ఒక్క మినహాయింపుకు చోటు ఉంచాలి. గుచ్ఛాల కేంద్రాల్లోని మహా గెలాక్సీల పొడవు దిశ, ఆ గుచ్ఛానికి వచ్చి చేరే పోగుల దిశతో కలుస్తుందన్నది గట్టిగా స్థిరపడిన సంగతి. ఒకే దారి వెంట మళ్ళీ మళ్ళీ వచ్చి కలిసినవాటితో పెరిగిన ఈ గెలాక్సీల్లో కృష్ణబిలానికీ ఆ దారి కొంత గుర్తుండే వీలుంది. దిశ ఎక్కడైనా మిగిలి ఉంటే ఇక్కడే మిగిలి ఉండాలి.

బయటపడ్డాక

జెట్ గెలాక్సీని దాటి బయటికి రాగానే జాలం మళ్ళీ పగ్గాలు చేపడుతుంది. ఈసారి మధ్యవర్తులు లేరు.

1953లో రోజర్ జెనిసన్, మృణాల్ కుమార్ దాస్‌గుప్తా సిగ్నస్ ఎ అనే గెలాక్సీ నుంచి వస్తున్న రేడియో తరంగాలు ఒక చోటు నుంచి కాక, రెండు వేరువేరు మచ్చల నుంచి వస్తున్నాయని కనిపెట్టారు. జెట్లు చుట్టూ ఉన్న వాయువును ఢీకొట్టి ఆగిన చోట్లు అవి. 1974లో బెర్నీ ఫనరాఫ్, జూలియా రైలీ రేడియో గెలాక్సీలను రెండు రకాలుగా విడదీశారు. కేంద్రం దగ్గర ప్రకాశించి, దూరం పోయేకొద్దీ పొగలా చెదిరిపోయేవి ఒక రకం. అంచుల దాకా సూటిగా పోయి కొసల్లో మెరిసేవి రెండో రకం. ఈ తేడా యంత్రం శక్తి వల్ల వచ్చిందా, చుట్టూ ఉన్న వాయువు వల్లనా అన్నది చాలా కాలం నలిగింది. 2000లో గోపాల్‌కృష్ణ, పాల్ వీటా ఒక చక్కని సాక్ష్యం ముందుకు తెచ్చారు. ఒక పక్క మొదటి రకంగా, రెండో పక్క రెండో రకంగా కనిపించే మిశ్రమ గెలాక్సీలు ఉన్నాయి. రెండు జెట్లకూ యంత్రం ఒకటే. మరి తేడా ఎక్కడి నుంచి వచ్చింది? జెట్లు బయటపడిన చోటు నుంచే. అనుమానితులిద్దరిలో ఒకరు రెండు ఘటనాస్థలాల్లోనూ ఒకేలా ఉన్నారని తేలాక మిగిలినది రెండోవారే కదా.

అందుకే వంగిన జెట్లకు అంత విలువ. ఎక్స్ కిరణాల్లో కూడా దొరకనంత పలుచని వాయువు ఉన్నచోట ఒక జెట్ వంపు అక్కడి గాలి ఎటు వీస్తోందో, ఎంత దట్టంగా ఉందో చెబుతుంది.

ఆల్సియోనియస్ ఉన్నది అలాంటి పలుచని చోటే. అది గుచ్ఛంలో లేదు, విశ్వజాలంలోని ఒక పోగులో ఉంది. దాని గెలాక్సీ, కృష్ణబిలం రెండూ ఈ కోవలోని వాటితో పోలిస్తే కొంచెం తేలికైనవే. ఇంతటి నిర్మాణానికి అసాధారణమైన యంత్రం ఉంటుందని ఎదురుచూసినవారికి అది దొరకలేదు. అడ్డగించేది తక్కువగా ఉండటమే అసలు కారణమని చెప్పడానికి ఇది బలమిస్తుంది.

జెట్ తిరిగి ఇచ్చేది

ఇంతవరకు జాలం నుంచి జెట్ వైపుకు వచ్చాం. ప్రభావం ఎదురుదిశలోనూ పారుతుంది.

గుచ్ఛాల కేంద్రాల్లో వాయువు చల్లబడుతుందని చెప్పాను. లెక్క ప్రకారం కొన్ని గుచ్ఛాల్లో ఏటా వందల సూర్యుల బరువైన వాయువు చల్లబడి నక్షత్రాలు కావాలి. 1999లో చంద్రా, ఎక్స్ఎంఎం న్యూటన్ అనే ఎక్స్ కిరణ టెలిస్కోపులు అంతరిక్షంలోకి వెళ్ళాక వెతికితే అంత చల్లని వాయువు కనిపించలేదు. ఏదో దాన్ని మళ్ళీ వేడి చేస్తోంది. పెర్సియస్‌లో ఆ వేడి చేసేదెవరో కళ్ళారా కనిపించింది. ఎన్‌జీసీ 1275 జెట్లు ఊదిన బుడగలు వేడి వాయువులో గుంటలు చేశాయి, వాటి చుట్టూ అలలు వ్యాపించాయి. నిజానికి అవి ధ్వని తరంగాలు. 2003లో ఆండ్రూ ఫేబియన్ బృందం లెక్కించినప్పుడు ఒక అల తర్వాత మరో అల రావడానికి దాదాపు కోటి సంవత్సరాలు పడుతోందని తేలింది. ఎంఎస్ 0735 అనే మరో గుచ్ఛంలో గుంటలు ఒక్కోటీ సుమారు ఆరు లక్షల కాంతి సంవత్సరాల వెడల్పున్నాయి.

దీన్ని ఒక చక్రంలా ఊహించుకోవచ్చు. వాయువు చల్లబడితే కృష్ణబిలానికి మేత దొరుకుతుంది. మేత దొరికితే జెట్ లేస్తుంది. జెట్ వాయువును వేడి చేస్తుంది, మేత ఆగుతుంది, జెట్ నీరసిస్తుంది, వాయువు మళ్ళీ చల్లబడుతుంది. కాంతికి ఒకటిన్నర రోజు ప్రయాణమంత వస్తువు లక్షల కాంతి సంవత్సరాల వాయుసముద్రం ఉష్ణోగ్రతను కాపాడుతోంది.

గుచ్ఛాలను దాటి బయట కూడా జెట్ల ఆనవాళ్ళ కోసం వెతుకులాట సాగుతోంది. ఏబెల్ 399, ఏబెల్ 401 గుచ్ఛాల మధ్య సుమారు కోటి కాంతి సంవత్సరాల పోగు పొడవునా రేడియో వెలుగు ఉందని 2019లో లోఫార్ చూపించింది. అంటే ఆ పోగులో అయస్కాంత క్షేత్రం ఉంది, అధిక శక్తి గల ఎలక్ట్రాన్లు ఉన్నాయి. అక్కడి అయస్కాంతత్వంలో కొంత పాత జెట్లు పోసినది అయ్యుండవచ్చన్నది ఒక బలమైన వాదం.

2024లో ప్రకటించిన పోర్ఫిరియన్ అనే రేడియో గెలాక్సీ ఈ వాదానికి కొత్త ఊపిరి పోసింది. దాని జెట్ల జత పొడవు 2.3 కోట్ల కాంతి సంవత్సరాలు. కాంతి వేగంతో పోయినా ఒక్కో జెట్‌కు కోటి సంవత్సరాలకు పైగా పట్టేది, జెట్ మొన అంత వేగంగా పోదు కాబట్టి నిజంగా పట్టిన కాలం ఇంకా చాలా ఎక్కువ. మనం చూస్తున్నది విశ్వం వయసు 630 కోట్ల సంవత్సరాలున్నప్పటి దృశ్యం. అప్పటికి విశ్వంలోని దూరాలు నేటి దూరాల్లో సుమారు సగమే. పోగులు దగ్గరదగ్గరగా ఉన్నాయి, శూన్యాలు ఇంకా ఇరుకుగా ఉన్నాయి. పోగులో పుట్టిన ఇంత పొడవైన జెట్ ఆ రోజుల్లో పక్కనున్న శూన్యంలోకి లోతుగా చొచ్చుకెళ్ళి, అయస్కాంత క్షేత్రాన్ని, శక్తిని, గెలాక్సీలో వండిన భారమూలకాలను అక్కడ చల్లి ఉండాలి. శూన్యాల్లో సైతం అతి పలుచని అయస్కాంత క్షేత్రం ఉందని గామా కిరణాల పరిశీలనలు సూచిస్తున్నాయి. అది విశ్వం పుట్టుకతో వచ్చినదా, పోర్ఫిరియన్ లాంటి జెట్లు మోసుకొచ్చి పోసినదా అన్న చర్చ ఇప్పుడు ముమ్మరంగా నడుస్తోంది.